డోలు లేని గట్టిమేళం

అరసవల్లి,
11 నవంబరు 2024.

ఒరే కామేషూ,

నీతో జన్మలో మాట్లాడనని రెండేళ్ల కిందట జగ్గమ్మ పిన్ని మనవరాలి పెళ్లి పందిట్లో, నలుగురి ముందూ, సూర్యనారాయణమూర్తి మీద ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. కాకపోతే రాయనని ఎక్కడా అనలేదు. ఈ మెలిక నిన్న గుడి ముందు చెప్పులు వెతుక్కుంటుంటే తట్టింది. అరవై మూడేళ్లకి నాకు తట్టిన మొదటి తెలివైన ఆలోచన ఇదేనని మీ అక్క ఎలాగూ అంటుంది కాబట్టి, ఆ మాటేదో నేనే ముందు అనేసుకుంటున్నాను.

ఉభయకుశలోపరి అని రాయడానికి లేదు. నీ కుశలం నాకు తెలియదు, నాకు కుశలం లేదు.

కిందటి వారం భావనపాడులో పెళ్లికి మేళం కట్టాం. పెళ్లికొడుకు ఊరేగింపు. కాళ్ల కింద ఇసుక, ఎదురుగా సముద్రపు గాలి. కల్యాణి ఎత్తుకుని, బాగా పైకి వెళ్లి, అక్కడ నిలబడదామనుకునేసరికి ఛాతీ మీద ఎవరో కాలు పెట్టి నొక్కినట్టయింది. ఎడమ భుజం దాకా లాగింది. సన్నాయి దించేశాను. జనం ఏమనుకున్నారో తెలుసా? రాగం మధ్యలో గొప్ప విరామం ఇచ్చాననుకుని చప్పట్లు కొట్టారు. యాభై ఏళ్లుగా ఊదుతున్నాను, అన్ని చప్పట్లు ఎప్పుడూ పడలేదు. ఊదడం ఆపితే పడ్డాయి.

శ్రీకాకుళంలో డాక్టరుకి చూపించుకున్నాను. యంత్రం మీద పరిగెత్తించి, ఐదు నిమిషాలకే ఆపేసి, గుండెకు రక్తం సరిగా అందుతున్నట్టు లేదు, విశాఖ వెళ్లి యాంజియోగ్రామ్ చేయించుకోండి, అందాకా సన్నాయి ముట్టుకోవద్దు అన్నాడు. ఈ నెల 28న డాక్టర్ ధనరాజ్ దగ్గర రాయించుకున్నాను. మీ అక్కకి చెప్పలేదు. చెబితే సన్నాయి అటకెక్కిస్తుంది.

నా బాధ సన్నాయి గురించే. ఫిబ్రవరి 4న రథసప్తమి. ఆ రోజు మా అమ్మాయి ఆమని తొలిసారి మేళంలో కూర్చుంటుంది. ఆడపిల్లకి సన్నాయేటని నవ్విన వాళ్లందరి ముందూ పన్నెండేళ్లు నేర్పాను. దాని పక్కన నేను, వెనక నీ డోలు ఉండాలని ఒకప్పుడు అనుకున్నాను. అందులో రెండో సగం నువ్వే పాడుచేశావు. మొదటి సగమైనా దక్కుతుందో లేదో ఆ విశాఖ డాక్టరు చెప్పాలి.

నువ్వు ముప్పై ఏళ్లు ప్లాంటులో నీళ్ల పైపులతో కాపురం చేశావు. గుండెలో ఉన్నవీ పైపులేనట. అందుకని వచ్చి పక్కన నిలబడు. మాట్లాడనక్కర్లేదు. ఏదైనా చెప్పాలంటే ఆమనితో చెప్పు, అది నాకు చెబుతుంది.

మాట్లాడని నీ బావ,
త్యాగరాజు

గరివిడి,
16 నవంబరు 2024.

బావా,

నీ ఉత్తరం చూసి రేఖ హడలిపోయింది. ఈ రోజుల్లో చేత్తో రాసిన కవరు వచ్చిందంటే ఎవరో పోయారనుకుంది. నీ చేతిరాత గుర్తుపట్టి, "అన్నయ్యగారు బతికే ఉన్నారు, తిట్టడానికి రాసినట్టున్నారు" అని నా చేతిలో పెట్టింది.

పైపుల గురించి నన్ను పెద్ద పండితుణ్ని చేశావు. సంతోషం. ప్లాంటు పంప్‌హౌస్‌లో ఫోర్‌మేన్‌గా రిటైరయ్యానన్న మాటే గాని, ఇంట్లో కుళాయి కారితే రేఖ నన్ను అడగదు. వీధి చివర ప్లంబర్‌ని పిలుస్తుంది. అతను నా ముందే కుళాయి విప్పుతూ, "మీరు కాస్త జరగండి సార్" అంటాడు. అయినా 28న తప్పకుండా వస్తాను. పొద్దున ప్యాసింజరు ఎక్కి నేరుగా ఆస్పత్రికి వచ్చేస్తాను.

నువ్వు మరీ బెంగపెట్టుకోకు. నాకూ అప్పుడప్పుడూ ఛాతీ పట్టేస్తుంటుంది. గ్యాసు. బిళ్ల ఒకటి చప్పరిస్తే పోతుంది. నీదీ అదే అయ్యుండొచ్చు. పెళ్లిళ్లలో నువ్వు లాగించే గారెలు నేను చూడనివా?

పెళ్లి పందిట్లో జరిగినదాని గురించి నువ్వు వివరంగా ఎత్తలేదు, నేనూ ఎత్తను. డోలు అటక మీద ఉంది. దింపాలంటే బరువు, అందుకని చూడటం లేదు.

అక్కకి చెప్పకపోవడం తప్పు. కానీ చెప్పేంత ధైర్యం నాకూ లేదు.

నీ బావమరిది,
కామేష్

అరసవల్లి,
2 డిసెంబరు 2024.

కామేషూ,

ఇది నా ఆఖరి ఉత్తరం అయ్యుండొచ్చు. దాచుకో.

నువ్వు రాలేదు. వార్డు తలుపు తెరుచుకున్నప్పుడల్లా తలెత్తి చూశాను. నర్సులూ, ఇడ్లీలు తెచ్చేవాళ్లూ వచ్చారు గాని నువ్వు రాలేదు. దాని సంగతి తర్వాత, ముందు జరిగింది విను.

మీ అక్కతో విశాఖలో కచేరీ ఉందని అబద్ధం చెప్పి బయల్దేరాను. గుమ్మం దాటాక వెనక్కి పిలిచింది. "కచేరీ అంటన్నావు, సన్నాయి ఇక్కడే మేకుకి ఏలాడతన్నాది. నువ్వేటి ఊదడానికి ఎల్తన్నావు?" అంది. చేతిలో లుంగీ, తువ్వాలు ఉన్న సంచీ తప్ప ఏమీ లేదు. ఇక చెప్పక తప్పలేదు. ఏడ్చి, తిట్టి, నుదుట విభూతి పెట్టి ఆమనిని తోడిచ్చి పంపింది.

మణికట్టు దగ్గర చిన్న గాటు పెట్టి గొట్టం పంపారు. తెర మీద నా గుండె నాళాలు చెట్టు వేళ్లలా నల్లగా కనిపించాయి. అందులో ఒకటి మధ్యలో సన్నబడి ఉంది. "డెబ్బై శాతం పూడింది" అన్నాడు డాక్టర్ ధనరాజ్. "అయితే ఇది కంటితో చూసి చెప్పే అంచనా. స్టెంట్ వెయ్యాలా, మందులు సరిపోతాయా అన్నది దీన్నిబట్టి తేల్చలేం. సన్నటి తీగ ఒకటి ఆ ఇరుకు దాటించి ప్రెషరు కొలుస్తాను. ఒక మందు ఇస్తాం. నిమిషంపాటు ఛాతీ బరువెక్కి ఊపిరి ఆడనట్టుంటుంది. కంగారు పడకుండా మామూలుగా గాలి పీల్చండి."

మామూలుగా గాలి పీల్చడం నాకేం తెలుసురా? ఛాతీ బరువెక్కగానే యాభై ఏళ్ల అలవాటు కొద్దీ బుగ్గలు నింపి దమ్ము బిగపట్టాను. తెర మీద గీతలు కిందామీదా అయ్యాయట. డాక్టరు "ఏం చేస్తున్నారండీ?" అని అరిచాడు. నర్సు నా మొహంలోకి వంగి, "బుగ్గలు సూడండి సార్, బూర ఊదతన్నట్టున్నారు" అంది. కొలత మొత్తం మళ్లీ మొదటినుంచి తీశారు. ఎనిమిదో తరగతి ఎలాగూ రెండుసార్లు చదివాను, గుండె పరీక్ష కూడా రెండోసారికి గాని అవ్వలేదు.

ఇక అసలు సంగతి. రెండోసారి కొలిచాక డాక్టరు తెర చూసి, "ఎనభై నాలుగు. స్టెంట్ వద్దు, మందులు వాడండి" అని చేతి తొడుగులు తీసేశాడు. అర్థమైందా? లోపలికి వెళ్లేటప్పుడు డెబ్బై, బయటికి వచ్చేటప్పుడు ఎనభై నాలుగు. గంటలో పద్నాలుగు శాతం పెరిగింది. స్టెంట్ కూడా వద్దన్నాడంటే ఇక వేసి లాభం లేదనే కదా. మందులు రాసి ఇంటికి పంపడం ఎందుకో నాకు తెలియదా? మా నాన్ననీ అలాగే పంపారు.

బస్సులో వస్తూ ఆమనికి సన్నాయి అప్పగించేశాను. అది మొహం కిటికీ వైపు తిప్పుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. పట్టు కండువా నీకిద్దామనుకున్నాను. నువ్వు రాలేదు కాబట్టి ఇవ్వను.

నిజం చెప్పనా, భయంగా ఉందిరా. చావంటే కాదు. రథసప్తమినాడు ఆ పిల్ల పక్కన ఇంకెవరో కూర్చుంటారన్న తలంపే భరించలేకపోతున్నాను.

ఇట్లు,
ఎనభై నాలుగు శాతం మూసుకుపోయిన
త్యాగరాజు

గరివిడి,
6 డిసెంబరు 2024.

బావా,

నీ ఉత్తరం చదివి ఐదు నిమిషాలు ఏడ్చాను. తర్వాత ఆమనికి ఫోన్ చేసి, రిపోర్టు ఫోటో తెప్పించుకుని చూసి, పది నిమిషాలు నవ్వాను. ఆమని బస్సులో ఏడవలేదు. "మావయ్యా, నాన్న వీలునామా సెప్తంటే నవ్వాపుకోలేక సచ్చాను. ఎంత సెప్పినా వినట్లేదు, నన్ను ఓదార్చకు అంటన్నాడు" అంది.

జాగ్రత్తగా చదువు. అవసరమైతే రెండుసార్లు చదువు, నీకు అలవాటే.

మా పంప్‌హౌస్‌లో కొలిమిని చల్లబరిచే నీళ్ల లైను ఒకటుండేది. దానికి రెండు గేజీలు, ఒకటి ముందు, ఒకటి తర్వాత. పైపు లోపల గార పట్టడం మామూలే. ఎంత పట్టిందని ఎవరైనా అడిగితే నేను పైపు విప్పి చూసేవాణ్ని కాదు, రెండు గేజీలూ చూసేవాణ్ని. ముందు గేజీ వంద చూపించి, తర్వాతది ఎనభై నాలుగు చూపిస్తే, గార ఉన్నా నీళ్లు అందుతున్నట్టే. డాక్టరు నీకు చేసింది అదే. ఇరుకుకి ముందు ప్రెషరు ఎంత, దాటాక ఎంత? నీకు నూటికి ఎనభై నాలుగు వంతులు అందుతోంది. రిపోర్టులో 0.84 అని ఉంది చూడు. అది ఎనభైకి గాని, అంతకన్నా కిందకి గాని పడితే స్టెంట్ సంగతి చూస్తారు. నీది పడలేదు.

డెబ్బై అన్నది ఎంత పూడిందన్న లెక్క. ఎనభై నాలుగు అన్నది ఎంత అందుతోందన్న లెక్క. ఆ రెండూ కలిపి నువ్వు చచ్చిపోయావు.

మందులు వాడుతూ, రోజూ నడుస్తూ, నొప్పి లేకపోతే నెలాఖరు నుంచి కొద్దికొద్దిగా ఊదుకోవచ్చని డాక్టరు ఆమనితో స్పష్టంగా చెప్పాడట. నువ్వు అప్పుడు కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకుంటున్నావట. కాబట్టి రథసప్తమికి కూతురి పక్కన కూర్చుంటావు. పట్టు కండువా నువ్వే వేసుకో.

28న రాలేకపోయాను, రైలు తప్పిపోయింది. క్షమించు.

నీ బావమరిది,
కామేష్

అరసవల్లి,
13 డిసెంబరు 2024.

కామేషూ,

బతికించావు. కానీ ఊళ్లో తల ఎత్తుకోలేకుండా ఉన్నాను. నీ ఉత్తరం వచ్చేలోపే మా వీధిలో ఆరిళ్లకు వెళ్లి, మనస్పర్థలు ఏవైనా ఉంటే మన్నించమని చెప్పి వచ్చాను. ఎదురింటి తాతమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని నాకు బత్తాయిలు ఇచ్చింది. తినేశాను కూడా. ఇప్పుడు వీధిలో కనిపిస్తే, "ఇంకా ఉన్నావేటి నాయనా?" అంటోంది. ఆప్యాయంగానే అంటోందిలే.

మీ అక్క ఉప్పూ, ఆవకాయా ఆపేసింది. పొద్దున్నే నడకకి తరుముతోంది. ఛాతీ నొప్పి మళ్లీ రాలేదు. నిన్న తలుపేసుకుని సన్నాయి తీసి ఒక్క స్వరం పలికించి చూశాను. పలికింది.

ఇక నీ రైలు సంగతి. ఆ రోజు నువ్వు ఐదింటికే ఇల్లు వదిలావని రేఖ ఆమనితో చెప్పిందట. రైలు ఆరున్నరకి. స్టేషను మీ ఇంటికి పది నిమిషాల నడక. ఎలా తప్పిందిరా రైలు? మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకున్నావట కూడా. వెళ్లాలనిపించలేదు, వెనక్కి వచ్చేశావు. నిజం అదీ.

నాకిది కొత్త కాదు. జగ్గమ్మ పిన్ని మనవరాలి పెళ్లిలో పంతులుగారు గట్టిమేళం అని చెయ్యెత్తాడు. పెళ్లికొడుకు చేతిలో మంగళసూత్రం. ఆ ఒక్క క్షణంలో మోగడానికేరా మన బతుకులు. నేను ఊదాను. నీ డోలు మోగలేదు. వెనక్కి చూస్తే డోలు నేల మీద ఉంది, నువ్వు పందిరి దాటి పోతున్నావు. అన్నం కూడా తినలేదు. ప్లాంటులో ఫోర్‌మేన్‌వి, చుట్టాల ముందు డోలు తగిలించుకోవడం నామోషీ అయింది నీకు. పొగరు అని అప్పుడే అన్నాను, వినే ఉంటావు. రెండేళ్లుగా అడిగినవాళ్లకీ, అడగనివాళ్లకీ అదే చెబుతున్నాను. డోలు లేని గట్టిమేళం నా చేత వాయింపించినవాడివి. ఇప్పుడు గుండె పరీక్షకీ రాలేదు.

పైపుల పాఠానికి కృతజ్ఞతలు. మిగతాదానికి ఏమీ లేవు.

త్యాగరాజు

గరివిడి,
19 డిసెంబరు 2024.

బావా,

రైలు తప్పలేదు. నా కళ్లముందే వచ్చింది, నా కళ్లముందే వెళ్లింది.

ఐదింటికే ఎందుకు బయల్దేరానంటే, ఆ పది నిమిషాల నడక నాకిప్పుడు అరగంట పడుతుంది. రెండుచోట్ల ఆగాలి. ఆగినప్పుడు ఎవరైనా చూస్తే చెప్పు పట్టీ సర్దుకుంటున్నట్టు వంగుతాను. ఆ చెప్పులకి అసలు పట్టీలే లేవు. స్టేషన్‌లో ఆయాసం తీరేదాకా బెంచీ మీద కూర్చుని, రైలు వేళకి లేచాను. అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లాలంటే పై వంతెన ఎక్కాలి. ఇరవై రెండో మెట్టు మీద ఛాతీ పట్టేసింది. లెక్కపెడుతూ ఎక్కడం అలవాటైంది కాబట్టి అంత కచ్చితంగా చెబుతున్నాను. అక్కడే కూర్చుండిపోయాను. రైలు కిందనుంచి వెళ్లిపోయింది. తగ్గేదాకా కూర్చుని, మెల్లిగా ఇంటికొచ్చి, రెండు గ్యాసు బిళ్లలు వేసుకుని పడుకున్నాను.

ఆ పెళ్లిలోనూ అదే. అప్పటికే నెల్లాళ్లుగా డోలు తగిలించుకుంటే ఆయాసం వచ్చేది. పంతులుగారు చెయ్యెత్తగానే కర్ర ఎత్తబోయాను, చెయ్యి లేవలేదు. కళ్లు తిరిగాయి, చెమటతో చొక్కా తడిసిపోయింది. ఒక్కటే అనుకున్నాను బావా. తాళి కట్టే వేళకి పందిట్లో డోలువాడు కుప్పకూలితే ఆ పిల్లని జీవితాంతం ఏమంటారు? పెళ్లి ఎలా జరిగినా, కాపురంలో ఏది తేడా వచ్చినా, ఆ రోజు సంగతే ఎత్తుతారు. అందుకని డోలు దించి, ఉన్న శక్తంతా పెట్టి పందిరి దాటేశాను. అవతల కొబ్బరితోటలో కూర్చున్నాను. నీ సన్నాయి ఒక్కటే వినిపించింది. తర్వాత నీ గొంతు. పొగరు అన్నావు.

నువ్వు అలా అనడం అప్పుడు నాకు మేలుగానే తోచింది. రోగిష్ఠివాడు అనిపించుకోవడం కన్నా పొగరుబోతు అనిపించుకోవడం నయం. కామేష్‌కి పొగరట అంటే మనిషి కాస్త ఎత్తు పెరిగినట్టుంటుంది. పైగా రిటైర్మెంటుకి రెండు నెలలుంది, ఆరోగ్యం బాలేదని తెలిస్తే ముందే కూర్చోబెడతారని భయం. తర్వాత చెబుదామంటే నువ్వు మాట్లాడవు. రేఖకీ చెప్పలేదు.

ముప్పై ఏళ్లు ప్లాంటులో ప్రతి లైనుకీ గేజీ చూసి రిజిస్టరులో రాసినవాణ్ని. నీ రిపోర్టు చదివి నీకు పాఠం కూడా చెప్పాను. నా సొంత లైనుకి మాత్రం గ్యాసు బిళ్లలు వేస్తూ కూర్చున్నాను. ఆ ప్లంబర్ నన్ను పక్కకి జరగమనడంలో తప్పేమీ లేదు.

కామేష్

అరసవల్లి,
23 డిసెంబరు 2024.

ఒరే వెధవా,

నీ ఉత్తరం నా చేతిలోంచి మీ అక్క లాక్కుని చదివింది. చదివి, చెంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. నాకు ఎటు వెళ్లాలో తెలియలేదు.

నేనే రేఖకి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. ఒట్టు నీతో మాట్లాడనని, రేఖతో కాదు. డాక్టర్ ధనరాజ్ దగ్గర జనవరి 3న ఆమని నీకు రాయించింది. అందాకా పనీపాటా పెట్టుకోవద్దనీ, మెట్లెక్కవద్దనీ, నొప్పి ఆగకపోతే క్షణం ఆలస్యం చెయ్యకుండా దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి వెళ్లమనీ డాక్టరు చెప్పాడు. కారులో వెళ్లు. మీ అక్క వస్తుంది. గ్యాసు బిళ్లలు రేఖకిచ్చెయ్యి.

నీ మొదటి ఉత్తరంలోనే రాశావు, ఛాతీ పట్టేస్తోందనీ, డోలు బరువుగా ఉందనీ. ఇవాళ తీసి మళ్లీ చదివాను. అప్పుడూ చదివాను గాని, నా డెబ్బై శాతం గోలలో నాకవి అక్షరాల్లా కనపడలేదు.

ఇంకేమీ రాయలేను. వెళ్లు.

త్యాగరాజు

గరివిడి,
9 జనవరి 2025.

బావా,

గండం గడిచింది. ఇంట్లో దిండుకానుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే గుండె జబ్బు అనుకోకు, నా దస్తూరి మొదటినుంచీ అంతే.

నన్ను బల్ల మీద పడుకోబెట్టగానే డాక్టర్ ధనరాజ్, "మీరు సన్నాయి ఆయన బావమరిదట కదా. మీరు కూడా ఊపిరి బిగపట్టరు కదా?" అని అడిగాడు. లేదు సార్, నాది చేతులతో పని అన్నాను. అన్నట్టుగానే మందు ఎక్కి ఛాతీ బరువెక్కగానే ఎడమచేతి వేళ్లు బల్ల మీద వాటంతటవే ఆదితాళం వేయడం మొదలుపెట్టాయి. నర్సు ఆ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆస్పత్రిలో మన కుటుంబానికి మంచి పేరొచ్చింది.

విను మరి. ముందు తెర మీద చూసి డాక్టరు, "మీది యాభై శాతమే కనిపిస్తోంది" అన్నాడు. నీకన్నా ఇరవై తక్కువ! ఏదో పందెం గెలిచినట్టు లోపల ఒకటే సంతోషం. నీకు ఈ సంగతి ఎలా రాయాలా అని వాక్యాలు కూడా కూర్చుకుంటున్నాను. అప్పుడు తీగ పంపి కొలిచాడు. 0.71. కంటికి చిన్నదే గాని, గుండెలో సగానికి పైగా రక్తం మోసే పెద్ద నాళం మొదట్లోనే ఉందట ఆ ఇరుకు. నాకు వెంటనే అర్థమైంది. ఎక్కువ నీళ్లు లాగే లైనులో కొంచెం గార పట్టినా చివర ప్రెషరు పడిపోతుంది. ఈ మాట పంప్‌హౌస్‌లో కొత్తగా చేరినవాళ్లకి నేనే చెప్పేవాణ్ని.

స్టెంట్ వేశారు. ఆ తర్వాత మళ్లీ కొలిస్తే 0.92. "కంటి అంచనాతో వదిలేసి ఉంటే మందులిచ్చి పంపేసేవాళ్లం" అన్నాడు డాక్టరు. నీ డెబ్బైకి మందులు, నా యాభైకి స్టెంట్.

నిన్న వీధి చివరిదాకా నడిచాను. ఎక్కడా ఆగలేదు. చెప్పు పట్టీ సర్దుకోలేదు. ఏడుపొచ్చింది బావా, రెండేళ్లుగా ఆయాసం లేకుండా ఉండటం ఎలా ఉంటుందో మర్చిపోయాను.

డోలు మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దన్నారు. బరువు కదా, మళ్లీ చూపించుకున్నాక మెల్లగా మొదలుపెట్టాలట. రథసప్తమికి నేను రాలేను. నువ్వు అనుకున్నదాంట్లో రెండో సగం మళ్లీ నేనే పాడుచేశాను.

ఆస్పత్రికి నువ్వు రాలేదని అక్క చెప్పింది. కానీ నన్ను వార్డుకి తోసుకెళ్తుంటే మెట్ల దగ్గర ఒక పట్టు కండువా అంచు కనిపించింది. అది ఎవరిదో నేను అడగలేదు.

నీ బావమరిది,
కామేష్

అరసవల్లి,
5 ఫిబ్రవరి 2025.

ఒరే కామేషూ,

ఆ కండువా నాదే. ముందురోజే బస్సెక్కి వచ్చాను. నీ ముందుకొస్తే మాట్లాడాలి, మాట్లాడితే ఒట్టు పోతుంది, మాట్లాడకపోతే నేను మనిషిని కాదు. ఎటూ తేల్చుకోలేక పొద్దుటినుంచీ మెట్ల దగ్గరే కూర్చున్నాను. అక్కడి వాచ్‌మేన్ నేను ఎవరి తాలూకో అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ మా బావమరిది తాలూకని చెప్పాను.

నిన్న రథసప్తమి. జనం ఇసక వేస్తే రాలనంత. తెల్లవారకముందే మేళంలో కూర్చున్నాం. ఆమని భైరవి ఎత్తుకుంది. నేను దానికి శ్రుతిగా ఊదాను, నొప్పి లేదు, ఆయాసం లేదు. నవ్వినవాళ్లు కొందరు ముందు వరసలోనే ఉన్నారు. మీ అక్క వాళ్లనే చూస్తూ నిలబడింది, మమ్మల్ని చూడలేదు. పిల్ల బాగా వాయించింది. నాకన్నా బాగా వాయించిందని రాయడానికి మనసొప్పట్లేదు గాని, రాస్తున్నాను. డోలుకి ఆమదాలవలస నుంచి బాబీ వచ్చాడు. చక్కగా వాయించాడు, వంక పెట్టడానికి లేదు. అయినా వాయింపు మధ్యలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

డాక్టరు నన్ను రోజూ నలభై నిమిషాలు నడవమన్నాడు కదా. నెలరోజులుగా ఆ నడక ఒక పనికి వాడుతున్నాను. ఎవరెవరి ఇళ్లలో నీకు పొగరని చెప్పానో, ఆ ఇళ్లకే వెళ్లి, కాదు, జబ్బుతో లేచి వెళ్లాడు, పెళ్లికూతురికి మాట రాకూడదని లేచి వెళ్లాడు అని చెప్పి వస్తున్నాను. నలభై నిమిషాలు చాలడం లేదు. ఇన్ని ఇళ్లలో చెప్పానని నాకే తెలియదు. కొందరు ఆ సంగతి ఎప్పుడో మర్చిపోయారు, వాళ్లకి మొదట నీ పొగరు గుర్తుచేసి, తర్వాత కాదని చెప్పాల్సి వస్తోంది. జగ్గమ్మ పిన్ని మాత్రం మొత్తం విని, "మా పిల్ల కోసం ఆడు రెండేళ్లు మాట పడ్డాడేట్రా?" అని కళ్లు తుడుచుకుంది.

నాది డెబ్బై శాతం, ఊరంతా దండోరా వేశాను. నీది యాభై, ఎవరికీ చెప్పలేదు. నా వెనకే కూర్చుని పాతికేళ్లు డోలు వాయించావు. నీ చెయ్యి లేవలేదంటే ఏదో అయ్యుంటుందని నాకు తట్టాలి. పొగరు అని తట్టింది. అది తలుచుకుంటే నిద్ర పట్టడం లేదురా.

ఒట్టు గురించి స్వామి ముందు నిలబడి అడిగాను. ఆయన ఏమీ అనలేదు. ఏమీ అనకుండా ఊరుకుంటే ఎంత బాధగా ఉంటుందో నాకు తెలియజెయ్యడానికే అనుకుని, ఆ ఒట్టు తీసి గట్టు మీద పెట్టి వచ్చేశాను.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. రేపు పొద్దున ప్యాసింజరులో నేనే తెస్తున్నాను. మీ స్టేషన్‌లో పై వంతెన నెమ్మదిగా ఎక్కి, ఇరవై రెండో మెట్టు ఏదో లెక్కపెట్టి, దాని మీద కాసేపు కూర్చుని వస్తాను. నువ్వు ఇది చదువుతున్నప్పుడు నీ ఎదురు కుర్చీలో ఉంటాను. కాగితం మీంచి కళ్లు తియ్యకు, ఆఖరిదాకా చదువు. అయ్యాక తలెత్తు.

ముందు నేనే మాట్లాడతాను.

నీ బావ,
త్యాగరాజు